రేవతి దాటేదాకా

ఆకాశం మొత్తం నా చెప్పుచేతల్లో ఉందని నేను నమ్మిన కాలం ఒకటుండేది. చదువు అప్పుడే ముగించి, తిరుపతి ఊరి చివర ఒక ట్రస్టువాళ్ళు పెట్టిన చిన్న నక్షత్రశాలలో వ్యాఖ్యాతగా చేరాను. వ్యాఖ్యాత అంటే పెద్ద మాట. బడిపిల్లల్ని గుమ్మటం కింద చీకట్లో కూర్చోబెట్టి, పచ్చ లైటుతో చుక్కలు చూపిస్తూ, నిద్రపోయేవాళ్ళని నిద్రపోనిచ్చి, ఏడ్చేవాళ్ళని బయటికి పంపే పని. కానీ నా ముందు ఒక పెట్టె, ఆ పెట్టె మీద ఒక మీట ఉండేవి. మీట తిప్పితే చంద్రుడు కదిలేవాడు. నెల్లాళ్ళు నడవాల్సిన దారిని నేను గుక్క తిప్పుకునేలోగా నడిచేసేవాడు. ఆ వయసులో అలాంటి మీట చేతికిస్తే ఎవడికైనా తల తిరుగుతుంది. నాకు కాస్త ఎక్కువే తిరిగింది. ఇంట్లో నన్ను 'చుక్కలోడు' అనేవాళ్ళు. అందులో ఉన్న వెటకారం కూడా నాకు బిరుదులాగే వినిపించేది.

నా ఉపన్యాసం ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది. "మనిషి గడియారం చేసుకోకముందు చంద్రుణ్ణి చూసుకున్నాడు" అనేవాణ్ణి. పున్నమి చంద్రుడు చిత్త దగ్గరుండే నెల చైత్రమయింది, విశాఖ దగ్గరైతే వైశాఖం, కృత్తిక దగ్గరైతే కార్తీకం. రైతు విత్తనం వేసే అదును, పెళ్ళి ముహూర్తం, బిడ్డ పేరులో మొదటి అక్షరం, ఊరికి బయల్దేరే వేళ, అన్నీ పైనుంచే దిగొచ్చాయి. ఇంతవరకు చెప్పి, గొంతు తగ్గించి, "కానీ పిల్లలూ, ఆ చుక్కలకు మనమున్నామన్న సంగతే తెలియదు" అని ముగించేవాణ్ణి. (ఈ వాక్యం దగ్గర టీచర్లు కుర్చీల్లో ఇబ్బందిగా కదిలేవాళ్ళు. ఆ కదలిక కోసమే నేను ఆ వాక్యం చెప్పేవాణ్ణేమో.) మనిషి పుట్టుక, పెళ్ళి, పంట అన్నీ వల్లించే నేను చావు మాట మాత్రం ఎత్తేవాణ్ణి కాదు. చావుకు కూడా చుక్కలతో లెక్క ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. ఆ పాఠం మా ఇంట్లో మా తాత మంచం మీద పడుకునే చెప్పాడు.

మా తాత ఘాట్ రోడ్డు మీద తిరుమలకు బస్సు నడిపి రిటైరైనవాడు. దేవుడంటే భక్తే, కానీ గ్రహాలంటే లెక్కలేదు. శుక్రవారం పొద్దున ఆయన బస్సు సరిగ్గా రాహుకాలంలోనే బయల్దేరాల్సి వచ్చేదట. జనం మూటలు పట్టుకుని బస్సు చుట్టూ నిలబడేవాళ్ళు గాని ఎక్కేవాళ్ళు కాదట. తాత హారన్ మీద చెయ్యి పెట్టి, తల బయటికి పెట్టి, "రాహువు టికెట్టు తీసుకోలేదప్పా, మీరెక్కండి!" అని అరిచేవాడట. ఆ బస్సులో కండక్టరుగా తిరిగినాయన తర్వాత కూడా వారానికోసారి మా ఇంటికి వచ్చేవాడు. ఆయన్ని నేను కండక్టర్ తాత అనేవాణ్ణి. ఇంజను మోతకు చెవులు రెండూ పోయాయి ఆయనకు. ఇద్దరూ కూర్చుని అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళు, వీధి మొత్తానికీ వాళ్ళ రహస్యాలు తెలుసు. పోయేటప్పుడు ఆయన గడప మీద నిలబడి, తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి, "రైట్ రైట్!" అనేవాడు. లోపలినుంచి మా తాత నోటితోనే "పాం పాం" అని హారన్ కొట్టేవాడు. వినపడదు కాబట్టి కండక్టర్ తాత ప్రతిసారీ వెనక్కి తిరిగి, మా తాత మూతి సున్నా చుట్టడం కళ్ళారా చూసుకున్నాక గాని మెట్లు దిగేవాడు కాదు. ఇద్దరు ముసలివాళ్ళు ఇంత మూర్ఖంగా ఎలా ఉంటారా అని నేను మనసులో నవ్వుకునేవాణ్ణి.

మేము అద్దెకుండేది మేడ మీద. కింద ఓనరమ్మ ఒక్కతే ఉండేది. (మా అవ్వ కంటే కొంచెమే చిన్నదైనా 'అవ్వా' అంటే పలికేది కాదు, 'అత్తా' అనాలి.) వాళ్ళ పుట్టిల్లు అరవ పక్క. మెట్ల మొదట్లో గోడకు రోజుకో చీటీ చింపే అరవ క్యాలెండరు ఒకటి తగిలించేది. ఆ చీటీ మీద తేదీ కంటే తిథి పెద్దది, తిథి కంటే నక్షత్రం పెద్దది, రాహుకాలం అన్నింటికంటే పెద్దది. పొద్దున్నే స్నానం చేసి, నెత్తి మీద తడి తువ్వాలుతోనే వచ్చి ముందురోజు చీటీ చింపేది. ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఒకసారి సాయంత్రం నేను డ్యూటీనుంచి వస్తూ, రేపు పొద్దున ఆమెకు పని తగ్గుతుంది కదా అని ఆరోజు చీటీ చింపాను. ఆమె పరుగున వచ్చి, "రోజు అయిపోకముందే సింపుతావా రా? ఆ రోజు మనల్ని ఊరికే వదుల్తుందా?" అని నన్ను పట్టుకుని దులిపేసింది. చింపిన చీటీని అన్నం మెతుకుతో అతికించి మళ్ళీ పెట్టింది. ఇది నేను నక్షత్రశాలలో తోటివాళ్ళకు ఎన్నిసార్లు చెప్పి నవ్వించానో లెక్కలేదు.

తాత ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆస్పత్రిలో కొన్నాళ్ళు పెట్టుకుని, ఒకరోజు పెద్ద డాక్టరు మా నాయన భుజం మీద చెయ్యి వేసి, "ఇంటికి తీసుకుపోండి, ఇష్టమైనవి పెట్టండి" అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. మా నాయన బట్టలకొట్టులో గుమాస్తా, జీవితంలో ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేదు. ఆరోజు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఎవరూ అడగకపోయినా "ఏం లేదు, ఏం లేదు" అంటూ ఏడ్చాడు. తాతను కుర్చీలో కూర్చోబెట్టి, మేమిద్దరం రెండుపక్కలా పట్టుకుని మేడ మీదికి ఎక్కించాం. ఎక్కుతుంటే ఆయన ఎగశ్వాసలోనే "మలుపు కాడ నిదానం" అన్నాడు.

మర్నాడు పొద్దున ఓనరమ్మ పైకి వచ్చింది. చేతిలో ఆపిల్ పళ్ళు, కళ్ళల్లో భయం. తాతను చూసి, పలకరించి, మా అమ్మను వంటింట్లోకి పిలుచుకుపోయి గుసగుసగా అడిగింది. "డాక్టరు ఎన్నాళ్ళని సెప్పినాడు?" అమ్మ చెప్పలేదన్నది. "అది కాదే. రేపు సాయంత్రంనించి ధనిష్ఠ పట్టుకుంటాది. ధనిష్ఠ, శతభిషం, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర, రేవతి. ఈ ఐదింట్లో ఇంట్లో పానం పోతే ఏమవుతాదో నీకు తెల్దా?"

అమ్మకు తెలుసు. నాకే తెలియదు. చంద్రుడు ఆ ఐదు నక్షత్రాల్లో ఉండగా ఎవరైనా ఇంట్లో పోతే ఆ ఇంటికి దోషం, దాన్నే పంచకం అంటారు. తాళం వేసి, మనుషులు నెలల తరబడి బయట బతకాలి. లేకపోతే ఆ ఇంట్లో ఇంకో చావు తప్పదని నమ్మకం. మేము ఖాళీ చేయాలి, కింద ఓనరమ్మ కూడా ఖాళీ చేయాలి. చావు జరిగి మైలలో ఉన్నవాళ్ళకు, అందులోనూ పంచకం దోషంతో వచ్చినవాళ్ళకు, తిరుపతిలో ఇంకెవరు ఇల్లిస్తారు? నేను గదిలోంచి బయటికొచ్చి, "అత్తా, ధనిష్ఠ అంటే నాలుగు చిన్న చుక్కలు. గాలిపటమంత కూడా ఉండదు. వాటి వెలుగు మనదాకా రావడానికే..." అని మొదలుపెట్టాను. ఆమె నన్ను వింతగా చూసింది. "నా మొగుడు శతభిషంలో పోయినాడు రా. ఈ ఇంటికి తాళం ఏసి నాయుడుపేటలో తమ్ముడింటి వరండాలో పండుకున్న్యా. మరదలు నా కంచం వేరే పెట్టింది. తిరిగొచ్చి తలుపు తీస్తే ద్వారబంధం అంతా చెదలు. నేను పెంచిన నిమ్మచెట్టు కట్టెలాగా నిలబడుండాది. నీ చుక్కల వెలుగు సంగతి నాకు సెప్పబాక" అన్నది. ఆమె మాట తప్పని నేను చెప్పగలను గాని, ఆ వరండా అబద్ధమని చెప్పలేను కదా.

అప్పటినుంచి మా ఇంట్లో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. చూడటానికి వచ్చిన చుట్టాలు గడప దాటగానే "ఎట్లుండాడు?" అని అడగడం మానేసి, "ఇప్పుడు ఏ నక్షత్రం?" అని అడగసాగారు. మా మేనత్త ఫోనులో "ధనిష్ఠ రాకముందే అయిపోతే బాగుండు" అని నోరు జారి, వెంటనే "నా నోరు పడ" అని ఏడ్చింది. ధనిష్ఠ వచ్చేసింది, తాత పోలేదు. ఇక అందరి మొక్కులూ ఒక్కసారిగా అటునుంచి ఇటు తిరిగాయి. నిన్నటిదాకా బాధ లేకుండా తీసుకుపొమ్మని దండం పెట్టినవాళ్ళే ఈరోజు అశ్విని వచ్చేదాకా నిలబెట్టమని దండం పెట్టారు. (పైన వినేవాడు ఎవరైనా ఉంటే మా కుటుంబాన్ని గురించి ఏమనుకుని ఉంటాడో!) మా నాయన సంగతి చెప్పనక్కర్లేదు. తాత కాస్త గట్టిగా దగ్గితే చాలు, ముందు పంచాంగం దగ్గరికి పరుగు, తర్వాత తాత దగ్గరికి.

నేనేమో నక్షత్రశాలలో నా పని నేను చేసుకుంటున్నాను. ఆ వారం పిల్లలకు అదే ఆకాశం చూపించాల్సి వచ్చింది. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర కలిసి నాలుగు చుక్కల పెద్ద చదరం. పాతకాలంవాళ్ళు దాన్ని మంచం కోళ్ళు అన్నారని నేను రోజూ సరదాగా చెప్పేవాణ్ణి. ఆరోజు 'మంచం' అనే మాట వదిలేసి, పచ్చ లైటును పక్క చుక్క మీదికి జరిపేశాను. ప్రదర్శన అయిపోయి పిల్లలు వెళ్ళాక లైట్లు వేయకుండా ఒక్కణ్ణే కూర్చున్నాను. మీట తిప్పాను. చంద్రుడు మంచం కోళ్ళ పక్కనుంచి జారి, రేవతి దాటి, అశ్వినిలోకి చేరాడు. ఎంతసేపు? ఆవులింత తీసినంతసేపు. నా గుమ్మటంలో మా తాత బతికిపోయాడు, మా ఇల్లు నిలిచింది, ఓనరమ్మ వరండా తప్పించుకుంది. బయటికొచ్చి చూస్తే సాయంత్రపు ఆకాశంలో చంద్రుడు ఎక్కడివాడు అక్కడే ఉన్నాడు. అంత కోపం నాకు ఏ మనిషి మీదా రాలేదు.

ఓనరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి నేరుగా మా నాయనతోనే మాట్లాడింది. "తప్పుగా అనుకోబాకప్పా. పెద్దాయన్ను కింద స్కూటరు షెడ్డులో పండబెడదాము. ఫ్యాను పెట్టిస్తా, సుట్టూ పరదా కట్టిస్తా. ఆడైతే ఇంటి లెక్కలోకి రాదు. నేనూ పక్కనే కుర్చీ ఏసుకుని కూర్చుంటా." మా నాయన తల వంచుకుని, "ఆయమ్మ సెప్పేదాంట్లోనూ న్యాయం ఉండాది" అన్నాడు. అమ్మ గిన్నె ధడాలున కింద పెట్టింది. మా అవ్వ మంచం పక్కన కూర్చుని తాత కాళ్ళు ఒత్తుతున్నదల్లా లేచి, "నేను బతికుండగా ఈయన్ను షెడ్డుకు దించేది లే" అన్నది. గొంతు పెంచలేదు, అయినా మా నాయన రెండడుగులు వెనక్కి వేశాడు.

మేమంతా తాత మగతలో ఉన్నాడనుకున్నాం. ఆయన కళ్ళు మూసుకునే, "షెడ్డు నాకేమీ కొత్త కాదు. నా బండి రోజూ ఆన్నే పండుకునేది" అన్నాడు. కాసేపు ఊపిరి కూడదీసుకుని, "డ్రైవరు మాత్రం ఇంటికొచ్చి పండుకునేవాడు" అన్నాడు. ఓనరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిందికి దిగిపోయింది.

ఆ సాయంత్రం పొద్దుగూకుతుంటే తాత నన్ను కిటికీ తెరవమన్నాడు. "ఏదిరా చుక్కలోడా, నన్ను బయటికి నెట్టే ఆ చుక్క? సూపీ."

"రేవతి కనపడదు తాతా. చాలా సన్నటిది. మన ఊళ్ళో ఇన్ని లైట్లున్నాయి కదా, అసలు కనపడదు."

"కనపడనోడికి నేను పక్కకు తప్పుకుని దారి ఇయ్యాల్నా?" అని నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది, దగ్గు చాలాసేపు ఆగలేదు. వీపు రాస్తూ కూర్చున్నాను. ఆగాక నా మణికట్టు పట్టుకుని, "వాడు ఎప్పుడు దాటతాడు?" అని అడిగాడు. ఎల్లుండి అని చెప్పాను. "సరే. అందాకా బ్రేకు తొక్కిపెడతా. మీ అవ్వను ఇంట్లోనించి ఎల్లగొట్టిన పాపం నాకొద్దు" అన్నాడు. ఆ రెండు రోజులు మా తాత ఊపిరి తీసిన తీరు చూశాను. ఏటవాలులో నిండు బస్సును ఆపి పట్టుకున్న మనిషి కాలిలాగా ఆయన ఛాతీ మొత్తం వణికేది. చుక్కలకు మనమున్నామన్న సంగతే తెలియదు అనే నా వాక్యం ఆ గదిలో నాకు ఎందుకూ పనికిరాలేదు.

రేవతి ముగిసే రోజు వచ్చింది. ఇక్కడ ఒక చిక్కుంది, అది చెప్పాలి. మన దగ్గర పంచాంగాలు రెండు రకాలు. ఒకటి పూర్వం పెద్దలు కట్టిన సూత్రాలతో గుణించేది, ఇంకొకటి ఆకాశంలో చంద్రుడు నిజంగా ఎక్కడున్నాడో చూసి సరిదిద్దుకున్నది. మా తెలుగు పంచాంగం రెండో రకం. దాని ప్రకారం రేవతి మధ్యాహ్నం కాకముందే అయిపోతుంది. నా ఫోనులో కూడా అంతే. ఓనరమ్మ అరవ క్యాలెండరు మొదటి రకం. అందులో రేవతి పొద్దుగూకేదాకా ఉంది. ఈ తేడా నాకు రెండు రోజుల ముందే తెలుసు గాని, నిజమైన చంద్రుడు మా పక్షాన ఉన్నాడు కాబట్టి ఓనరమ్మతో చెప్పి రచ్చ ఎందుకులే అని ఊరుకున్నాను. ఆమె చీటీ మీద ఏముందో రోజూ మెట్లెక్కుతూ చూస్తూనే ఉన్నాను.

మధ్యాహ్నం దాటింది. నాయన కొట్టుకు వెళ్ళి భోజనానికి వస్తున్నాడు, దారిలో ఉన్నాడు. తాత కాఫీ అడిగాడు. అవ్వ చెంచాతో పోసింది. ఒక చెంచా మింగాడు. రెండో చెంచాకు నోరు తెరిచాడు గాని కాఫీ పక్కకు కారిపోయింది. అవ్వ కొంగుతో తుడిచి, మూడో చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను తాత ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. అప్పుడు నేను చేసిన పని ఏమిటో తెలుసా? జేబులోంచి ఫోను తీసి టైము చూశాను. "అశ్విని, అవ్వా! దాటేసినాం!" అన్నాను. పరీక్ష పాసైనవాడి గొంతుతో అన్నాను. అవ్వ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అందుకే నేను తల దించుకున్నాను. వంటింట్లోంచి వచ్చిన అమ్మ మంచం మీదికి వంగి "మామా!" అని నోరు తెరిచింది.

మెట్ల మీద ఓనరమ్మ గొంతు. "ఏమైంది? ఏమైంది? నా క్యాలెండర్లో ఇంకా రేవతే ఉండాది!"

అవ్వ చేత్తో అమ్మ నోరు మూసింది. మూసి, ఓనరమ్మ గదిలోకి అడుగు పెట్టేసరికి చెంచా గిన్నెలో వేసి, మామూలు గొంతుతో, "ఏమీ లేదమ్మా. కాఫీ అడిగితే ఇస్తా ఉండా" అన్నది.

ఓనరమ్మ తాత మొహం చూసింది. మొగుణ్ణి సాగనంపిన మనిషికి ఆ మొహం తెలియదా? చాలాసేపు చూసింది. నా ఫోను గురించీ, నిజమైన చంద్రుడి గురించీ చెప్పడానికి నేను నోరు తెరిచాను. అమ్మ నా చెయ్యి గట్టిగా గిల్లింది. ఓనరమ్మ వచ్చి అవ్వ పక్కన నేల మీద కూర్చుంది. "తాగినాడా?" అని అడిగింది.

"తాగినాడు" అన్నది అవ్వ.

"నిద్రపోతా ఉండాడు. పోనీలే. పొద్దుగూకితే లేస్తాడు."

ఇలా మా తాత పోయాక కూడా మా ఇంట్లో కొన్ని గంటలు బతికాడు. నాయన వచ్చి, అమ్మ చెవిలో చెప్పింది విని, గోడకు ఆనుకుని కూర్చుని పంచెకొంగు నోట్లో కుక్కుకున్నాడు. ఏడుపు వినబడితే వీధి వస్తుంది, వీధి వస్తే ఎప్పుడు పోయాడని అడుగుతుంది. ఏడవకూడదు. అందరం మంచం చుట్టూ కూర్చున్నాం. ఓనరమ్మ మధ్యమధ్యలో "ఫ్యాను తగ్గించండప్పా, పెద్దాయనకు సలి" అనేది. అమ్మ లేచి తగ్గించేది. అవ్వ తాత చెయ్యి పట్టుకుని మెల్లగా ఏదేదో చెబుతూ కూర్చుంది. పెళ్ళయిన కొత్తలో కొండ మీదికి ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళిన సంగతి, మలుపుల్లో ఆమెకు వాంతులైన సంగతి, ఆయన తిట్టిన సంగతి, తర్వాత చాటుగా నిమ్మకాయ కొనిచ్చిన సంగతి. అన్నీ చెప్పింది. ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి. అది చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను. ఎండ కదలడం లేదు. సూర్యుణ్ణి తిప్పడానికి ఇక్కడ ఏ మీటా లేదు.

ఎండ కాస్త చల్లబడుతుండగా కింద గేటు చప్పుడైంది. కండక్టర్ తాత! వారం తప్పకుండా వచ్చేవాడు, ఆ వారం ఆరోజే రావాలా? అమ్మ అడ్డంపడి, "మామ పండుకోనుండాడు, రేపు రాండి" అని అరిచింది. ఆయనకు వినపడలేదు. నేరుగా వచ్చి, ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చుని, "ఏమప్పా డ్రైవరూ!" అన్నాడు. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. ఘాట్ రోడ్డులో ఇప్పుడు వచ్చిన కొత్త బస్సులకు చప్పుడే లేదనీ, చప్పుడు లేని బస్సుకు కండక్టరు ఎందుకనీ, తన కోడలు ఉప్పు తగ్గించేసిందనీ, ఒకసారి వానలో కొండరాయి దొర్లిపడితే మా తాత బస్సును వెనక్కి నడిపి అందరినీ కాపాడిన సంగతీ. అరగంట పైనే మాట్లాడి ఉంటాడు. తర్వాత ఓనరమ్మ వైపు తిరిగి, "ఈపొద్దు బాగా ఇన్నాడమ్మా. ఎప్పుడూ నన్ను ఒక మాట పూర్తిగా సెప్పనిచ్చేవాడు కాదు" అన్నాడు. మా నాయన భుజాలు కదలడం చూశాను. నవ్వో ఏడుపో ఇప్పటికీ నాకు తెలియదు. నాకు మాత్రం రెండూ కలిసే వచ్చాయి.

కండక్టర్ తాత లేచాడు. మంచం దగ్గరికి వచ్చి దుప్పటి అంచు సరిచేశాడు. గడప దాకా వెళ్ళి తలుపు మీద రెండు దెబ్బలు కొట్టాడు. "రైట్ రైట్" అన్నాడు. ఎప్పటిలా అరవలేదు. ఎప్పుడూ హారన్ కోసం వెనక్కి తిరిగి చూసే మనిషి ఆరోజు తిరగలేదు. అలాగే మెట్లు దిగిపోయాడు.

అవ్వ గడప వైపు చూసింది, మంచం వైపు చూసింది. హారన్ కొట్టకుండా ఆయన్ని ఎలా పంపడం అనుకుందో ఏమో, ఆమె మూతి సున్నాలా చుట్టింది. "పాం" అనబోయింది. వచ్చింది ఏడుపు. అన్ని రోజుల ఏడుపు, ఆ మధ్యాహ్నం మింగిన ఏడుపు, వీధి చివరిదాకా వినబడే ఏడుపు. "నన్నిడిసిపెట్టి పోయినావా, సామీ!" అని తాత గుండె మీద పడిపోయింది.

బయట ఇంకా వెలుతురుంది. ఓనరమ్మ క్యాలెండర్లో ఇంకా రేవతి ఉంది. మేమంతా ఆమె వైపు చూశాం. ఆమె మొహం పాలిపోయింది. నాయుడుపేట వరండా, వేరే కంచం, ఎండిన నిమ్మచెట్టు, అన్నీ ఆ కళ్ళలో కనిపించాయి నాకు. లేచి మెట్లు దిగింది. వెళ్ళిపోయింది, ఇక తాళం తెస్తుందనుకున్నాం. కింద గోడ దగ్గర సర్రున కాగితం చిరిగిన చప్పుడైంది.

తిరిగి పైకి వచ్చింది. గుప్పిట్లో నలిపిన చీటీ. అవ్వ పక్కన కూలబడి ఆమె తల నిమురుతూ, "అయిపోయిందక్కా. ఈ రోజు అయిపోయింది, నేనే సింపేసినా. ఇంగ ఏడువు, ఎంత కావాల్నో అంత ఏడువు" అన్నది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆమె తన మొగుడి కోసం కూడా అప్పుడే ఏడ్చిందని నాకు చాలాకాలం తర్వాత తోచింది.

ఇంటికి తాళం పడలేదు. (మర్నాడు ఓనరమ్మ మెట్లన్నీ పసుపునీళ్ళతో కడిగించింది, ఎవరికీ చెప్పకుండా ఎక్కడో శాంతి కూడా చేయించుకుందని అమ్మ అంటుంది. భయం అంత తొందరగా పోతుందా? తప్పు పట్టను.) తాత ఏ నక్షత్రంలో పోయాడని ఎవరైనా అడిగితే మా నాయన అశ్విని అని గట్టిగా చెబుతాడు. ఆయన గట్టిగా చెప్పే మాట జీవితంలో అదొక్కటే. రెండు లెక్కల్లో ఏది సరైనదని నన్నెవరైనా అడిగితే మాత్రం ఇప్పటికీ చెబుతాను, నిజమైన చంద్రుణ్ణి చూసి కట్టిందే సరైనది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఓనరమ్మ క్యాలెండరు లెక్కే నడిచిందని కూడా చెబుతాను.

నేను ఇంకా అదే గుమ్మటం కింద, అదే పెట్టె ముందు ఉన్నాను. జుట్టు పలచబడింది, గొంతు బరువెక్కింది. చుక్కలకు మనమున్నామన్న సంగతి తెలియదనే వాక్యం ఇప్పటికీ చెబుతాను, అది నిజం కాబట్టి. కాకపోతే టీచర్లు కదులుతున్నారా లేదా అని చూడటం మానేశాను. చంద్రుడు రేవతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా చెయ్యి మీట మీద ఆగిపోతుంది. పిల్లలు "ఏమైంది సార్?" అని అడుగుతారు. నేను చీకట్లో పెట్టె మీద రెండు దెబ్బలు కొట్టి, "రైట్ రైట్" అని మీట తిప్పుతాను. వాళ్ళకు ఏమీ తెలియదు, నేను చెప్పను. అయినా ప్రతిసారీ ఏదో ఒక మూలనుంచి ఎవరో ఒక పిల్లో పిల్లవాడో "పాం పాం" అంటారు.